మచ్చ అలాగే ఉంది, వేళ్లు మాత్రం కదులుతున్నాయి

ప్రశ్న: మా నాన్నకు అరవై రెండేళ్లు. నాలుగు నెలల క్రితం మెదడు ఎడమవైపు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. మాట తడబడుతోంది. కాలు చాలావరకు స్వాధీనంలోకి వచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. చెయ్యి మాత్రం మొన్నమొన్నటిదాకా ఉలకలేదు. మూడు వారాలుగా బొటనవేలు, చూపుడువేలు కాస్త దగ్గరికి వస్తున్నాయి. మొన్న నా చేతిలో ఉన్న తువ్వాలు కొసను ఆ రెండు వేళ్లతో పట్టుకుని లాగారు. ఆ సంతోషంలో మళ్లీ ఎమ్మారై తీయిస్తే, మచ్చ ఇంతకుముందు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉందని రిపోర్టు వచ్చింది. ‘మెదడులో ఏమీ మారనప్పుడు ఫిజియోథెరపీకి డబ్బు పొయ్యడం దేనికి?’ అంటున్నాడు అన్నయ్య. ఫంక్షనల్ ఎమ్మారై తీస్తే మెదడు ఎంత పనిచేస్తోందో రంగుల్లో కనిపిస్తుందని స్కానింగ్ సెంటర్‌లో చెప్పారు. తీయించమంటారా? దెబ్బతినని కుడివైపు మెదడు వెలిగితే, ఎడమవైపు పని అది అందుకున్నట్టేనా?

జవాబు:

అమ్మా, మీరు పంపిన రెండు రిపోర్టులూ చూశాను. వాటికంటే ఎక్కువసార్లు చదివింది మాత్రం తువ్వాలు కొస గురించి మీరు రాసిన వాక్యం. దాని దగ్గరికి చివర్లో మళ్లీ వస్తాను.

జవాబు ముందే చెప్పేస్తున్నాను. ఫంక్షనల్ ఎమ్మారై ఇప్పుడు అక్కర్లేదు. ఫిజియోథెరపీ ఆపకూడదు, వీలైతే పెంచాలి. ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను, మీ అన్నయ్యకు కూడా చదివి వినిపించండి. ఆయన అడిగినదాంట్లో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఫిలిం లైటుకు పెట్టి చూసి, ‘ఏం మారలేదుగా’ అని పెదవి విరిచిన డాక్టర్లను కూడా నేను చూశాను. ఆ మాట విన్న ఇంటివాళ్లు మర్నాటి నుంచే వ్యాయామం మానేయడం కూడా చూశాను. అందుకే ఈ విషయంలో నాకు కొంచెం పట్టుదల ఎక్కువ.

మీరు తీయించింది మామూలు ఎమ్మారై. అది మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. పెద్ద రక్తనాళం మూసుకుపోయి వైద్యం అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, చనిపోతాయని 2006లో లెక్కగట్టారు. అలా పోయినవి తిరిగి రావు. కొన్ని వారాల్లో ఒళ్లు ఆ చోటును శుభ్రం చేసుకుంటుంది. కొంత భాగం నీటితో నిండుతుంది, అంచుల్లో మచ్చ కడుతుంది. మీ రిపోర్టులో ‘గ్లయోసిస్’ అని ఉన్నది ఈ మచ్చే. నాలుగు నెలలకు అది స్థిరపడిపోతుంది. వచ్చే ఏడాది తీసినా, పదేళ్ల తర్వాత తీసినా అక్కడే ఉంటుంది. పూర్తిగా కోలుకుని, రెండు చేతులతో కారు నడుపుకునేవాళ్ల ఫిలింలో కూడా ఆ మచ్చ ఉంటుంది. ఇంటి ప్లాను కాగితం చూసి ఆ ఇంట్లో ఎవరు నిద్రలేచారో చెప్పలేం కదా. మీ అన్నయ్య ఆ ఫిలింను అడిగింది దానికి తెలియని సంగతి.

మరి వేళ్లు ఎలా కదిలాయి?

పక్షవాతం వచ్చిన మొదటి గంటల్లో మచ్చగా మారే చోటు చుట్టూ మరో ప్రాంతం ఉంటుంది. అక్కడి కణాలకు బతకడానికి సరిపోయేంత రక్తమే అందుతుంది, పనిచేయడానికి చాలదు. అవి చావలేదు, మూగబోయాయి. డాక్టర్లు దాన్ని పెనంబ్రా అంటారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ అన్నా, గడ్డను లాగేసే వైద్యం అన్నా ఆ హడావుడంతా దాన్ని దక్కించుకోవడానికే. దాని సంగతి మొదటి రోజుల్లోనే తేలిపోతుంది.

ఇంకో సంగతి దూరంగా జరుగుతుంది. మెదడులో ఒక్కో చోటు మిగతా చోట్లకు నిత్యం కబురు పంపుతూ ఉంటుంది. పై కాలువకు గండి పడితే దిగువ చేను ఎండిపోతుంది. ఆ మట్టిలో సారం పోలేదు, నీరు రాలేదు, అంతే. మెదడులో కూడా దెబ్బ తగిలిన చోటు నుంచి కబురు ఆగిపోతే, దెబ్బ తగలని దూరపు చోట్లు కూడా చల్లబడిపోతాయి. 1914లో జ్యూరిక్‌లో కాన్‌స్టంటిన్ ఫాన్ మొనాకోవ్ అనే న్యూరాలజిస్టు దీనికి డయాస్కిసిస్ అని పేరు పెట్టారు. అప్పటికి అది ఆయన ఊహే. చూపించే యంత్రం లేదు. 1980 ప్రాంతంలో మెదడులో ఏ చోటు ఎంత చురుగ్గా ఉందో చూపే పెట్ స్కాన్ వచ్చాక కళ్లకు కనిపించింది: పెద్దమెదడు ఒకవైపు దెబ్బతింటే, చిన్నమెదడు రెండోవైపు చెక్కుచెదరకుండా ఉండి కూడా మందగించిపోయి ఉంది. మొదటి వారాల్లో చాలామందికి కాలూ చెయ్యీ కొంత స్వాధీనంలోకి రావడానికి ఈ చల్లబడిన చోట్లు మళ్లీ తేరుకోవడం ఒక కారణం.

మీ నాన్నగారి వేళ్లు మూడు నెలలు దాటాక కదిలాయి. అంత ఆలస్యంగా వచ్చిన కదలికకు తేరుకోవడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. మిగిలిన నరాల తీగలు కొత్తగా అల్లుకోవడం, వాడకంతో బలపడటం కూడా ఉంటాయి. ఇది మామూలు ఎమ్మారైలో కనబడదు. ఫంక్షనల్ ఎమ్మారైలో కొంత కనబడుతుంది. సెంటర్‌వాళ్లు చెప్పినదాంట్లో అంతవరకు నిజముంది.

అయితే ఆ రంగులు ఏమిటో తెలుసుకోవాలి. మెదడులో ఏ చోటు పనిలో పడితే ఆ చోటికి రక్తం వచ్చి చేరుతుంది, కావలసినదానికంటే కాస్త ఎక్కువే వస్తుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కూ ఆక్సిజన్ వదిలేసినదానికీ అయస్కాంత గుణంలో తేడా ఉంది. ఆ తేడాను ఎమ్మారైతో పట్టుకోవచ్చని బెల్ లాబ్స్‌లో పనిచేసిన సెయిజీ ఒగావా 1990లో చూపించారు. 1992 నాటికి మనుషుల మీద కూడా చేశారు. ఇంజెక్షన్ లేదు, రేడియేషన్ లేదు. చాలా గొప్ప సంగతి. కానీ యంత్రం కొలిచేది న్యూరాన్లను కాదు, వాటి వెంట వచ్చిన రక్తాన్ని. అదీ ఐదారు క్షణాలు ఆలస్యంగా. సిగ్నల్‌లో వచ్చే మార్పు నూటికి ఒకటి రెండు పాళ్లే. కొన్ని క్షణాలు పిడికిలి బిగించమని, కొన్ని క్షణాలు వదలమని, అలా చాలాసార్లు చేయించి, లెక్క కట్టి, ఆ లెక్క ఒక గీత దాటిన చోట కంప్యూటర్ ఎర్రరంగు వేస్తుంది. అంటే ఆ ఎరుపు మెదడులో వెలిగిన దీపం కాదు, గణాంకానికి వేసిన రంగు.

పక్షవాతం రక్తనాళాల జబ్బు. ఈ స్కాన్ ఆధారపడేది రక్తం రాకపోకల మీద. ఇక్కడే చిక్కంతా. మెడలోనో తలలోనో రక్తనాళం సన్నబడి ఉంటే, న్యూరాన్లు పనిచేస్తున్నా రక్తం అడిగినంత వేగంగా చేరదు. అప్పుడు బొమ్మలో ఆ చోటు నల్లగానే ఉంటుంది. నలుపు చూసి ‘ఇక్కడ ప్రాణం లేదు’ అనుకుంటే పొరపాటే.

ఒక సంఘటన చెప్తాను, మీ చివరి ప్రశ్నకు ఇందులో సగం జవాబు ఉంది. ఒక పరిశోధన కోసం, కుడి చెయ్యి బలహీనపడిన ఒక పెద్దాయనను స్కానర్‌లో పడుకోబెట్టారు. కుడి చేతిలో రబ్బరు బల్బు పెట్టారు. తెర మీద గుర్తు కనబడినప్పుడల్లా నొక్కాలి. నేను అద్దం ఇవతల ఉన్నాను. ఆయన ప్రాణం పెట్టి నొక్కుతున్నారు. పాదాలు బిగుసుకుంటున్నాయి, దుప్పటి కింద మోకాలు లేస్తోంది. తెర మీద కుడివైపు మెదడులో పెద్ద ఎర్రమచ్చ వచ్చింది. నా పక్కనున్న విద్యార్థి సంబరంగా ‘కుడివైపు పని అందుకుంది సార్’ అన్నాడు. ఆయన ఎడమ చేతి వంక చూడమన్నాను. కుడి చేత్తో బల్బు నొక్కిన ప్రతిసారీ ఎడమ పిడికిలి కూడా దానంతట అదే ముడుచుకుంటోంది. ఎడమ చేతిని నడిపేది కుడి మెదడే. ఆ ఎరుపులో ఎంత భాగం కోలుకోవడానిదో, ఎంత భాగం ఆ ఎడమ పిడికిలిదో ఇక ఎవరూ విడదీయలేరు. పైగా ప్రతి నొక్కుకూ తల కాస్త కదిలింది. ఒకట్రెండు మిల్లీమీటర్ల కదలిక చాలు ఆ లెక్కంతా చెడగొట్టడానికి. ఆరోజు తీసిన బొమ్మలు పక్కన పెట్టేశారు. ఎడమ చేతి కండరాలకు కూడా సెన్సర్లు అతికించి మళ్లీ తీశారు. జాగ్రత్తగా చేసే పరిశోధనలో ఇంత చూసుకుంటారు. ప్యాకేజీగా తీసే చోట మీ నాన్నగారి ఎడమ చేతి వంక ఎవరైనా చూస్తారా?

ఇక, జాగ్రత్తగా తీసిన బొమ్మల్లో ఏం కనిపించింది అంటారా? ముప్పై ఏళ్ల పైబడిన కథ అది. నాకు చాలా ఇష్టమైన కథ కూడా.

1991లో ఫ్రాన్సువా షోలే బృందం పక్షవాతం నుంచి కోలుకున్న ఆరుగురిని పెట్ స్కాన్‌లో పరీక్షించింది. బాగున్న చేతి వేళ్లు కదిపినప్పుడు ఆ చేతికి వ్యతిరేక వైపు మెదడే ప్రధానంగా చురుగ్గా ఉంది. కోలుకున్న చేతి వేళ్లు కదిపినప్పుడు రెండువైపులా చురుకుదనం కనబడింది. అందరూ ఉత్సాహపడ్డారు. దెబ్బతినని వైపు ఆదుకుంటోంది కాబోలు అనుకున్నారు. మీరు విన్న మాట పుట్టింది ఆ రోజుల్లోనే.

తర్వాత 2003లో లండన్‌లో నిక్ వార్డ్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. పక్షవాతం వచ్చిన ఇరవై మంది చేత పిడికిలి బిగించే పని చేయించి ఫంక్షనల్ ఎమ్మారై తీశారు. బాగా కోలుకున్నవాళ్ల మెదళ్లలో చురుకుదనం దాదాపు మామూలువాళ్లలాగే, ఒక చోట కుదురుగా ఉంది. సరిగ్గా కోలుకోనివాళ్లలోనే అది రెండువైపులా, ఎక్కడెక్కడికో పరుచుకుని ఉంది. అదే ఏడాది మరికొందరిని నెలల తరబడి మళ్లీ మళ్లీ స్కాన్ చేసినప్పుడు ఆ మార్పు కళ్లెదుటే జరిగింది. మొదట్లో విస్తారంగా పరుచుకున్న చురుకుదనం చెయ్యి బాగుపడేకొద్దీ తగ్గుతూ వచ్చింది.

ఇది ఎంత ముఖ్యమో ఆలోచించండి. మీ నాన్నగారికి ఇవాళ ఒక స్కాన్, ఆరు నెలలకు ఇంకో స్కాన్ తీయిస్తారు. రెండోదాంట్లో ఎరుపు తగ్గుతుంది. మీ అన్నయ్య ‘చూశావా, ఇంకా దిగజారింది’ అంటాడు. నిజానికి అది బాగుపడిన గుర్తు కావచ్చు. లేదా ఆరోజు ఆయన అలిసిపోయి సరిగ్గా నొక్కి ఉండకపోవచ్చు. ఆ రెండింటి మధ్య తేడా బొమ్మ చెప్పదు, చెయ్యి చెప్తుంది. ఎంత ఎర్రగా ఉంటే అంత మంచిది అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

మాట విషయంలో కూడా ఇలాంటిదే చూశారు. 2006లో జర్మనీలో డొరొతే సౌర్ బృందం మాట దెబ్బతిన్న పద్నాలుగు మందిని మూడుసార్లు స్కాన్ చేసింది: మొదటి రెండు మూడు రోజుల్లో, రెండు వారాలకు, దాదాపు పది నెలలకు. మొదట ఎడమవైపు మాటల ప్రాంతం దాదాపు మౌనంగా ఉంది. రెండు వారాలకు మెదడు అంతా గుప్పుమంది, ముఖ్యంగా కుడివైపు. పది నెలలకు ఆ పని మళ్లీ ఎడమవైపుకు చేరుకుంది, మాట కూడా దాంతోపాటు మెరుగైంది. అంటే కుడివైపు కొన్నాళ్లు కాపు కాసి, ఎడమవైపు తేరుకున్నాక దాని పని దానికి అప్పగించినట్టుంది.

అయితే కుడివైపు మెదడు చేసేదంతా వృథా అని కూడా అనకూడదు. ఎడమవైపు తీగలు బాగా తెగిపోయినవాళ్లలో అది నిజంగానే సాయం చేస్తుంది. తల మీద అయస్కాంత తరంగంతో ఆ వైపు పనికి క్షణకాలం అడ్డు తగిలితే, బలహీనపడిన చేతి కదలిక ఇంకా మందగించడం కొందరిలో చూశారు. మరికొందరిలో కుడివైపున కదలికలను నడిపే మోటార్ ప్రాంతం ఎడమవైపును అణచిపెడుతున్నట్టు కనబడుతుంది. రెండువైపులా ఒకదాన్నొకటి అదుపు చేసుకోవడం ఆరోగ్యంగా ఉన్నప్పుడూ ఉంటుంది, పక్షవాతం తర్వాత ఆ తూకం చెడుతుంది. ఈ లెక్కన దెబ్బతినని వైపును అయస్కాంత తరంగాలతో జోకొడితే చెయ్యి బాగుపడుతుందని ఎంతో ఆశపడ్డారు. 2018లో వెలువడిన నిష్ (NICHE) అనే పెద్ద పరీక్షలో అసలు చికిత్స, ఉత్తుత్తి చికిత్స కంటే మెరుగ్గా ఏమీ కనబడలేదు. కాబట్టి ‘కుడివైపు వెలిగిందా’ అన్న ప్రశ్నకు మంచి, చెడు అని ఒక్క ముక్కలో జవాబు లేదు. ఎవరికి, ఎప్పుడు, ఎంత దెబ్బ అన్నదాన్ని బట్టి అదే వెలుగు సాయమూ కావచ్చు, అడ్డంకీ కావచ్చు. ఉన్న జవాబులన్నీ పదిమందినో ఇరవైమందినో కలిపి తీసిన సగటులు. ఒక్క మనిషి బొమ్మను చూసి జాతకం చెప్పే స్థాయికి ఈ శాస్త్రం రాలేదు. మెదడులో కణితికి ఆపరేషన్ చేసేముందు మాట ఎక్కడుందో, చెయ్యి ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడానికి ఆస్పత్రుల్లో ఫంక్షనల్ ఎమ్మారై నిజంగా వాడతారు. మూర్ఛకు ఆపరేషన్ చేసేటప్పుడూ అంతే. పక్షవాతంలో అది ఇంకా పరిశోధన పనిముట్టే. పరిశోధకులు అడిగి, ఖర్చు వాళ్లే పెట్టుకుని, మీ నాన్నగారు ఇష్టపడితే తప్పకుండా వెళ్లండి, రేపటివాళ్లకు మేలవుతుంది. సొంత డబ్బుతో మాత్రం వద్దు. ఒక పరీక్ష తీయించేముందు నేను ఎప్పుడూ అడిగే మాట ఒకటుంది: ఫలితం ఇలా వస్తే ఏం చేస్తాం, అలా వస్తే ఏం చేస్తాం? రెండింటికీ జవాబు ‘వ్యాయామం చేయిస్తాం’ అయితే ఆ పరీక్ష దేనికి?

ఇంకో సంగతి మీ అన్నయ్యకు ప్రత్యేకంగా చెప్పండి. చెయ్యి ఎంత వస్తుందో ముందే అంచనా వేయడానికి న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో క్యాథీ స్టినియర్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. 2012లో వాళ్లు తయారుచేసిన పద్ధతిలో ఎమ్మారై ఒక మెట్టు. 2017లో దాన్ని సవరించినప్పుడు ఎమ్మారైను తీసేశారు. అది లేకుండానే అంచనా అంత బాగానే వస్తోందని తేలింది. మొదటి మెట్టు ఏమిటో తెలుసా? మూడో రోజున మంచం పక్కన నిలబడి, భుజం పక్కకు ఎత్తగలరా, వేళ్లు చాచగలరా అని చూడటం. అంతకుముందు 2010లో నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనంలో, రెండో రోజుకే ఆ రెండు కదలికలూ కొంచెమైనా ఉన్నవాళ్లలో నూటికి 98 మందికి ఆరు నెలలకు చేత్తో పనిచేసే నేర్పు ఎంతో కొంత తిరిగి వచ్చింది. ఆ రెండూ లేనివాళ్లలో కూడా నూటికి పాతిక మందికి వచ్చింది. మీ నాన్నగారు ఆ పాతికమందిలో చేరే దారిలో ఉన్నారని ఆ తువ్వాలు చూసి నాకు ఆశ కలుగుతోంది. మాటివ్వలేను, ఆశ మాత్రం నిజమైనదే.

ఇప్పుడు డబ్బు పెట్టాల్సిన చోటుకు వద్దాం. 1996లో అమెరికాలో రాండల్ న్యూడో బృందం స్క్విరల్ మంకీలనే చిన్న కోతుల మెదడులో చేతి ప్రాంతానికి చిన్న దెబ్బ తగిలించి చూసింది. ఆ చేతిని వాడించకుండా వదిలేస్తే, మెదడులో దెబ్బ తగలకుండా మిగిలిన చేతి ప్రాంతం కూడా క్రమంగా కుంచించుకుపోయింది. మిగిలినది కూడా పోయిందన్నమాట. అదే చేత్తో చిన్న చిన్న గుంటల్లోంచి తిండి ఏరుకునేలా, రోజూ వందలసార్లు సాధన చేయించిన కోతుల్లో ఆ ప్రాంతం నిలబడింది, కొన్నిట్లో మోచేతి, భుజం ప్రాంతాల్లోకి కూడా విస్తరించింది. మచ్చ అలాగే ఉంది. దాని చుట్టూ ఉన్న మెదడు ఏ పని చేయాలో నిర్ణయించింది వాడకం.

మనుషుల దగ్గరికి వస్తే, మామూలు థెరపీ సెషన్‌లో చేత్తో పనికొచ్చే కదలికలు ఎన్నిసార్లు చేయిస్తున్నారో 2009లో కూర్చుని లెక్కపెట్టారు. సగటున 32 సార్లు. అదీ సగం సెషన్లలోనే. కోతికి వందలు, మనిషికి ముప్పై. అందుకే ఫిజియోథెరపిస్టు వచ్చి వెళ్లాక మిగిలిన రోజంతా ఏం జరుగుతోందన్నదే అసలు సంగతి. నాలుగు నెలలు అయిపోయాయి, ఇక తలుపు మూసుకుంది అని కూడా అనుకోవద్దు. మొదటి మూడు నెలల్లో వేగం ఎక్కువ, నిజమే. కానీ లండన్‌లోని క్వీన్ స్క్వేర్‌లో, పక్షవాతం వచ్చి సగం మందికి ఏడాదిన్నర దాటిపోయిన 224 మందికి మూడు వారాల్లో 90 గంటల సాధన చేయిస్తే చేతులు మెరుగయ్యాయి. ఆరు నెలల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. 2019లో ఆ ఫలితాలు వచ్చాయి.

మీ నాన్నగారికి వచ్చిన కదలికే మీకు మొదటి పాఠం. తువ్వాలు కొస పట్టుకోవడం వచ్చింది కాబట్టి దాన్నే పనిగా మార్చండి. బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు, దాని పక్కన చేతిరుమాలు, ఆ పక్కన దళసరి కాగితం. ఒక్కోదాని కొస పట్టుకుని దగ్గరికి లాక్కోవాలి, వదలాలి. అలిసిపోయేదాకా కాదు, వేళ్లు మొరాయించడం మొదలయ్యేదాకా. కాస్త ఆగి మళ్లీ. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం. ఎన్నిసార్లో మీ అమ్మగారిని గోడ క్యాలెండర్ మీద రాయమనండి. తేలికైపోయిందనిపించిన రోజున కాగితం పలచనిది పెట్టండి. కోతికి గుంట చిన్నది చేసుకుంటూ పోయినట్టే ఇది. ఒట్టిగా గాల్లో వేళ్లు ఆడించడం కంటే ఒక వస్తువుతో, ఒక పని కోసం చేసే కదలిక మేలు.

బాగున్న చేతిని కట్టేసి, పడిపోయిన చేతినే వాడించే పద్ధతి గురించి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మంచి పద్ధతే. 2006లో 222 మందిపై చేసిన ఎక్సైట్ పరీక్షలో దానివల్ల మేలు రుజువైంది, వాళ్లంతా పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవాళ్లు. కానీ వాళ్లకు మణికట్టు, వేళ్లు కనీసం పది డిగ్రీలైనా వెనక్కి లేచేవి. మీ నాన్నగారికి ఇంకా ఆ స్థాయి రాలేదనుకుంటున్నాను. పైగా ఆయన కర్ర పట్టుకునేది ఎడమ చేత్తో. ఆ చెయ్యి కట్టేస్తే పడతారు. కాబట్టి ఇంట్లో సొంతంగా ఆ ప్రయోగం చేయొద్దు. మీ ఫిజియోథెరపిస్టు చూసి సరేనంటే, కూర్చున్నప్పుడు మాత్రమే. అలాగే, లేపేటప్పుడు ఎప్పుడూ కుడి చెయ్యి పట్టుకుని లాగకండి. బలం లేని భుజం జారుతుంది. భుజం నొప్పి మొదలైందంటే ఆయన ఆ చేతిని ఇంక వాడనివ్వరు, చేసిన సాధన అంతా అక్కడ ఆగిపోతుంది.

మాటకు స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్తున్నారో లేదో మీరు రాయలేదు. వెళ్లకపోతే ఈ వారమే మొదలుపెట్టండి, స్కాన్‌కు దాచిన డబ్బు దానికి పెట్టండి. ఆయన మాట వెతుక్కుంటున్నప్పుడు మీరు పూర్తిచేయకండి. మనకు పది క్షణాలు యుగంలా ఉంటుంది, ఓపిక పట్టండి. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, వ్యాయామం అంటే ముఖం తిప్పుకోవడం కనిపిస్తే అది మొండితనం అనుకోకండి. పక్షవాతం తర్వాత దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి వైద్యం ఉంది.

మామూలు స్కాన్ మళ్లీ ఎప్పుడు కావాలి? ఉన్నట్టుండి కొత్తగా బలహీనత వచ్చినా, మాట ఇంకా తగ్గినా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడుకుండిపోయినా, భరించలేని తలనొప్పి వచ్చినా క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. అప్పుడు స్కాన్ ప్రాణం కాపాడుతుంది. ‘ఎంత బాగుపడిందో చూద్దాం’ అని మాత్రం తీయించకండి. బీపీ మందులు, రక్తం పలచబడే మందులు ఒక్క పూట కూడా తప్పకూడదు. రెండో దెబ్బ తగిలితే ఈ సాధనంతా మొదటికొస్తుంది.

తువ్వాలు దగ్గరికి మళ్లీ వస్తానన్నాను. పక్షవాతం తర్వాత వేళ్లు ముడుచుకోవడం కంటే విచ్చుకోవడం కష్టం. కదలిక ఎంతవరకు వస్తుందన్నది ఎక్కువగా చెప్పేది కూడా విచ్చుకోవడమే. ఆరోజు ఆయన తువ్వాలు లాగాక ఏం జరిగిందో మీరు రాయలేదు. వేళ్లు వాటంతట అవే విడిచాయా, లేక మీరు విడదీశారా? ఈసారి రిపోర్టు ఏదీ పంపక్కర్లేదు. ఆ ఒక్క సంగతి గమనించి రాయండి.